అమ్మానాన్నలకి మెడికేర్ పార్ట్ డి: మందుల ప్లాన్ ఎలా ఎంచుకోవాలి?

రవి_షార్లెట్ | 2025 నవంబరు 17

అందరికీ నమస్కారం. నాన్నగారికి 74, అమ్మకి 70. 2021 ఫిబ్రవరిలో గ్రీన్‌కార్డు మీద వచ్చారు, అప్పట్నుంచీ షార్లెట్‌లో మా దగ్గరే ఉంటున్నారు. వచ్చే ఫిబ్రవరికి ఐదేళ్లు నిండుతాయి కాబట్టి మెడికేర్‌కి, అంటే 65 దాటినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్‌కి, అర్హత వస్తుందని విన్నాను. ఇద్దరూ ఇక్కడ ఉద్యోగం చేయలేదు.

డాక్టర్ల సంగతి కొంత అర్థమైంది కానీ మందుల ఇన్సూరెన్స్, అదే పార్ట్ డి, నాకు అంతు చిక్కడం లేదు. మా జిప్‌కోడ్ కొడితే నెలకి కొద్ది డాలర్ల నుంచి వంద దాటిన వాటి దాకా ప్లాన్లు వస్తున్నాయి. డిసెంబరు 7 ఆఖరు తేదీ అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. అదొక టెన్షన్.

నాన్న మందులు: ఎలిక్విస్ 5 (రోజుకి రెండు), జనువియా 100, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్. అమ్మ ఇంకా విజయవాడ డాక్టరు గారు రాసిన చీటీ ప్రకారమే వాడుతోంది: గ్లైకోమెట్ జీపీ 2, సిల్నిడిపిన్ 10, థైరోనార్మ్ 50, రాత్రి పూట లాంటస్ ఇన్సులిన్. బిళ్లలన్నీ ఇండియా నుంచి ఎవరొస్తే వాళ్లతో తెప్పిస్తున్నాం.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 17

రవి గారూ, ముందు ఆ డిసెంబరు 7 టెన్షన్ వదిలేయండి. అది ఇప్పటికే మెడికేర్ ఉన్నవాళ్లు ప్లాన్ మార్చుకునే గడువు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా ఉంటుంది, అప్పుడు మార్చుకున్నది జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. మీ అమ్మానాన్నలు మొదటిసారి చేరుతున్నారు. అర్హత వచ్చే నెలకి ముందు మూడు నెలలు, ఆ నెల, తర్వాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలలు వాళ్ల సొంత గడువు. ఫిబ్రవరిలో ఐదేళ్లు నిండితే ఈ నవంబరు నుంచి వచ్చే మే నెలాఖరు దాకా అన్నమాట. జనవరిలోపు పని పూర్తిచేస్తే ఫిబ్రవరి 1 నుంచే మొదలవుతుంది.

వరుస ఇలా ఉంటుంది. ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఫోన్ చేసి (1-800-772-1213) పార్ట్ బికి (డాక్టర్ల ఖర్చు భరించే భాగం) అప్లికేషన్ పెట్టండి. గ్రీన్‌కార్డులు, పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. వాళ్లు మెడికేర్ నంబరు ఇస్తారు. ఆ నంబరు చేతికొచ్చాకే మందుల ప్లాన్‌లో చేరగలరు. పార్ట్ డి సోషల్ సెక్యూరిటీలో దొరకదు. ప్రైవేటు కంపెనీల ప్లాన్లలో నచ్చినది మెడికేర్ డాట్ గవ్‌లో చూసుకుని మనమే తీసుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. పార్ట్ డికి పార్ట్ ఎ (ఆస్పత్రి ఖర్చు భరించే భాగం), పార్ట్ బి రెండూ ఉండాల్సిన పని లేదు. ఏదో ఒకటి ఉంటే చాలు. మీ అమ్మానాన్నల్లా ఇక్కడ అసలు పని చేయనివాళ్లు పార్ట్ ఎ కొనుక్కోవాలంటే 2026లో నెలకి 565 డాలర్లు, పార్ట్ బి అయితే 202.90. ఆస్పత్రి ఖర్చుకి పార్ట్ ఎ కొనాలా వద్దా అన్నది ఇంట్లో విడిగా కూర్చుని తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న. అది తేలలేదని మందుల ప్లాన్ మాత్రం ఆపకండి.

నేను రిటైరయ్యాక ఇక్కడ టెక్సాస్‌లో మెడికేర్ సలహా కేంద్రంలో వాలంటీరుగా కూర్చుంటున్నాను. ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి ఉచిత సేవ ఉంది. మీ నార్త్ కరోలినాలో దాన్ని షిప్ అంటారు, రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ కింద నడుస్తుంది. ఏమీ అమ్మరు, కమీషన్ ఉండదు. అపాయింట్‌మెంట్ తీసుకోండి.

---

పద్మ_ఫార్మసీ | నవంబరు 17

నేను న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. రవి గారూ, ప్లాన్ల కన్నా ముందు మీ అమ్మగారి చీటీ సంగతి చూడాలి. ప్లాన్ వెతికే పేజీలో ఆ పేర్లు కొడితే సగం దొరకవు.

గ్లైకోమెట్ జీపీ అంటే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ల. ఈ రెండూ కలిసిన బిళ్ల అమెరికాలో లేదు. విడివిడిగా రెండు బిళ్లలుగా రాయించుకోవాలి, రెండూ చవకైన జెనరిక్‌లే. సిల్నిడిపిన్‌కి ఇక్కడ అనుమతే లేదు. దాని బదులు ఏ బీపీ మందు ఇవ్వాలన్నది డాక్టరు నిర్ణయించాలి, మనం సొంతంగా మార్చకూడదు. థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్, అది దొరుకుతుంది. లాంటస్ కూడా ఉంది, కానీ కొన్ని ప్లాన్లు అదే రకం ఇన్సులిన్ వేరే బ్రాండుది మాత్రమే తాము డబ్బు కట్టే మందుల లిస్టులో పెడతాయి.

మా కౌంటరు దగ్గర ఇలాంటి చీటీలు తరచూ చూస్తుంటాను. విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్ వాడే మన పెద్దవాళ్లు ఎంతోమంది. ఈ మూడూ ఇక్కడ అమ్మరు. షుగర్ మందు మారాక కొన్ని వారాలు రీడింగులు చూసుకుంటూ ఉండాలి. అందుకే ఇప్పుడే, చేతిలో ఇండియా మందులు ఇంకా ఉండగానే, ఇక్కడి డాక్టరుని కలిసి చీటీ మొత్తం ఇక్కడి మందుల్లోకి మార్పించండి. ఆ కొత్త చీటీ పెట్టి ప్లాన్ వెతకండి. పాత చీటీతో ప్లాన్ కొంటే అమ్మగారు అసలు వాడని మందుల కోసం ప్లాన్ కొన్నట్టవుతుంది.

చీటీలో ఎంజీ, రోజుకి ఎన్ని బిళ్లలు, మామూలు బిళ్లా లేక మెల్లగా కరిగే ఎక్స్‌టెండెడ్ రిలీజా, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాలి. ఒకే మెట్‌ఫార్మిన్‌లో ఒక రకానికి నామమాత్రపు ధర, ఇంకో రకానికి వందల డాలర్లు పడిన కేసులు చూశాను.

---

రవి_షార్లెట్ | నవంబరు 18

పద్మ గారూ, చాలా థాంక్సండీ. ఈ కోణం నాకు అసలు తట్టలేదు. వచ్చే వారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

నాన్న మందులకి మార్పేమీ లేదు కాబట్టి ఆయనది మొదలుపెడదామనుకుంటున్నాను. ఎలిక్విస్, జనువియా రెండూ ఖరీదైనవే కదా. డిడక్టిబుల్ 615 అని ఒకచోట, 2,100 దాటితే కట్టక్కర్లేదని ఇంకోచోట ఉంది. రెండిటికీ సంబంధం ఏమిటి?

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 18

నాన్నగారి మందులతోనే చెప్తాను.

ఎలిక్విస్, జనువియాలకి మెడికేర్ కంపెనీలతో బేరమాడి తగ్గించిన ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తున్నాయి. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం పుణ్యమే ఇది. మొదటి విడతలో పది మందులున్నాయి. ముప్పై రోజుల ఎలిక్విస్ 231 డాలర్లు, జనువియా 113. 2023లో వీటికి కంపెనీలు పెట్టిన ధరలు 521, 527 ఉండేవి. జార్డియన్స్, ఫార్సిగా, జరెల్టో, ఎంట్రెస్టో కూడా ఆ పదిలోనే ఉన్నాయి. ఈ పది మందుల్నీ ప్రతి పార్ట్ డి ప్లానూ లిస్టులో ఉంచి తీరాలి.

రెండూ కలిపి నెలకి 344. ఫిబ్రవరిలో చేరారనుకుందాం. గరిష్ఠ డిడక్టిబుల్ 615 ఉన్న ప్లాన్‌లో మొదటి 615 డాలర్లూ మీ జేబులోంచే, ఆ తర్వాత ధరలో పావు వంతు మీ వాటా. అంటే ఫిబ్రవరిలో 344 మొత్తం మీరే కట్టాలి. మార్చిలో డిడక్టిబుల్‌లో మిగిలిన 271, ఆపైన ఉన్న 73లో పావు వంతు 18.25, కలిపి 289.25. ఏప్రిల్ నుంచి నెలకి 344లో పావు, 86. డిసెంబరు దాకా కూడితే 1,407 డాలర్ల పైచిలుకు. ప్రీమియం దీనికి అదనం. ఇది చట్టం పెట్టిన మామూలు నమూనా. ప్లాన్లు పావు వంతుకి బదులు ఇన్ని డాలర్లని కోపే పెట్టొచ్చు, డిడక్టిబుల్ తగ్గించొచ్చు, చవక జెనరిక్‌లకి డిడక్టిబుల్ అసలు లేకుండా ఇవ్వొచ్చు.

2,100 అన్నది పైకప్పు. లిస్టులో ఉన్న మందులకి ఏడాదిలో మీ వాటా అంత అయిందంటే డిసెంబరు 31 దాకా ఇక కట్టేదేమీ లేదు. ప్రీమియం ఆ లెక్కలోకి రాదు. ఈ కప్పు 2025లోనే మొదటిసారి వచ్చింది, అప్పుడు 2,000. అంతకుముందు క్యాన్సర్ బిళ్లలు వాడేవాళ్ల బిల్లులు చూసి మా సెంటర్లో మేమే తట్టుకోలేకపోయేవాళ్లం. మధ్యలో కవరేజీ తగ్గిపోయే ‘డోనట్ హోల్’ అని ఒక గొయ్యి ఉండేది, అదీ 2025తో పోయింది. పాత వీడియోల్లో ఇంకా దాని గురించి చెప్తుంటే పట్టించుకోకండి.

గమనించారా, నడి ఏడాదిలో చేరినా డిడక్టిబుల్ తగ్గదు. ఫిబ్రవరిలో చేరినా 615, ఆగస్టులో చేరినా 615.

---

లలిత_అట్లాంటా | నవంబరు 18

మొదటి నెల 344 ఒక్కసారే కట్టడం కష్టమైతే నెలవారీ చెల్లింపు పద్ధతి ఉంది కదా శాస్త్రి గారూ, అది కూడా చెప్పండి. ప్లాన్‌కి ఫోన్ చేసి ‘మెడికేర్ ప్రిస్క్రిప్షన్ పేమెంట్ ప్లాన్’ కావాలని చెప్పాలి. అప్పుడు ఫార్మసీ కౌంటర్లో ఏమీ కట్టక్కర్లేదు, ప్లాన్ నెలనెలా బిల్లు పంపుతుంది. వడ్డీ లేదు. ఫిబ్రవరిలో చేరితే మొదటి బిల్లు 191 డాలర్లు దాటదు, మిగతాది తర్వాతి నెలల్లోకి సర్దుతారు. మొత్తం ఖర్చు తగ్గదు, భారం పరుచుకుంటుందంతే. ఏడాది చివర్లో చేరితే ఉపయోగం లేదు.

ఇంకోటి. డిడక్టిబుల్ లేదనగానే మంచి ప్లాన్ అనుకోకండి. మా అత్తగారికి ఒక ఏజెంటు అలాంటిదే గట్టిగా సిఫార్సు చేశాడు. ప్రీమియం నెలకి యాభై డాలర్లు ఎక్కువ. ఏడాదికి 600 అయింది. 615 తప్పించుకోవడానికి 600 కట్టడమే కదా! పైగా ఆవిడవన్నీ జెనరిక్‌లే. వేరే ప్లాన్‌లోనైనా వాటికి డిడక్టిబుల్ పడేది కాదు.

---

నరేష్_డాలస్ | నవంబరు 19

అందరూ కొనమనే అంటున్నారు. మా నాన్నకి ఒక్క బీపీ బిళ్ల తప్ప ఏమీ లేదు. వాల్‌మార్ట్‌లో నెలకి 4 డాలర్లు, మూడు నెలలకి 10. ఆయనకి పార్ట్ బి ఉంది. అవసరం వచ్చినప్పుడు పార్ట్ డి తీసుకుంటే పోలా? ఊరికే ప్రీమియం ఎందుకు కట్టాలి?

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 19

నరేష్, రెండు కారణాలు చెప్తాను బాబూ.

అవసరం వచ్చిన రోజున తీసుకుందామంటే కుదరదు. మార్చి నెలలో గుండె డాక్టరు ఖరీదైన మందు రాస్తే అక్టోబరు 15 దాకా ఆగాలి, అప్పుడు చేరినా జనవరి నుంచే పనిచేస్తుంది. ఆ మధ్య నెలలన్నీ పూర్తి ధర.

రెండోది పెనాల్టీ. అర్హత వచ్చి గడువు ముగిశాక, దానికి సమానమైన వేరే మందుల కవరేజీ లేకుండా వరుసగా 63 రోజులు గడిస్తే, లేని ప్రతి నెలకీ ఒక శాతం చొప్పున జరిమానా. శాతం లెక్కగట్టేది జాతీయ మూల ప్రీమియం మీద, అది 2026కి 38.99. మూడేళ్లు ఆగారనుకో, 36 నెలలు, 36 శాతం, నెలకి 14 డాలర్లు. పార్ట్ డి ఉన్నంత కాలం ప్రీమియం మీద అది పడుతూనే ఉంటుంది. మూల ప్రీమియం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది.

ఏ మందులూ లేనివాళ్లకి నేను చెప్పేది ఒకటే: మీ కౌంటీలో అన్నిటికన్నా ప్రీమియం తక్కువ ప్లాన్ ఏదైతే అది తీసుకుని పెట్టుకోండి. మందులు పెరిగితే అక్టోబరులో మార్చుకోవచ్చు.

---

నరేష్_డాలస్ | నవంబరు 19

మరి ఆయనకి మా కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే?

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 19

తల్లిదండ్రుల్ని చేర్చుకోనిచ్చే కంపెనీలు తక్కువ. ఒకవేళ ఉంటే ఆ మందుల కవరేజీ ‘క్రెడిటబుల్’ అని ప్లాన్ ఏటా అక్టోబరు 15 లోపు ఉత్తరం ఇవ్వాలి. ఆ కాగితం భద్రంగా దాచండి, రేపు పెనాల్టీ పడకుండా కాపాడేది అదే. విజిటర్ ఇన్సూరెన్స్, డిస్కౌంట్ కార్డులు ఈ కోవలోకి రావు.

---

సుధ_ఎడిసన్ | నవంబరు 20

నాదొక సందేహం. మా మామగారు ఇక్కడ పన్నెండేళ్లు పనిచేశారు, పార్ట్ ఎ, బి రెండూ ఉన్నాయి. పోయిన ఏడాది మన వాళ్ల ఫంక్షన్‌లో స్టాల్ పెట్టిన ఒక ఏజెంటు మెడికేర్ అడ్వాంటేజ్ (డాక్టర్లు, ఆస్పత్రి, మామూలుగా మందులూ కలిపి ప్రైవేటు కంపెనీ నడిపేది) హెచ్‌ఎంఓ ప్లాన్ తీసిచ్చాడు. ఇప్పుడు ఆయన మందు ఒకటి అందులో ఖరీదు పెరిగింది. వేరే కంపెనీది మందుల ప్లాన్ ఒక్కటీ విడిగా తీసుకోవచ్చా?

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 20

సుధ గారూ, దయచేసి ఆ పని చేయకండి. హెచ్‌ఎంఓ, పీపీఓ రకం (డాక్టర్ల నెట్‌వర్క్ మీద నడిచే) అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు విడిగా మందుల ప్లాన్‌లో చేరితే, ఆ అడ్వాంటేజ్ ప్లాన్ నుంచి వాళ్లంతట వాళ్లే బయటికి వచ్చినట్టు లెక్క. ఒరిజినల్ మెడికేర్‌లోకి, అంటే ప్రభుత్వమే నేరుగా నడిపే పార్ట్ ఎ, బిలోకి వెళ్లిపోతారు. మెడికేర్ కట్టని వాటా భరించే సప్లిమెంట్ పాలసీ లేకపోతే డాక్టర్ల బిల్లుల్లో ఇరవై శాతం నెత్తిన పడుతుంది, సప్లిమెంట్ కొందామంటే ఆరోగ్య చరిత్ర అడిగి కాదనొచ్చు. జనవరిలో ఆస్పత్రికి వెళ్లాక సంగతి తెలిసి మా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు.

మీ ముందున్న దారి, డిసెంబరు 7లోపు మామగారి డాక్టర్లూ మందులూ రెండూ సరిపడే ఇంకో అడ్వాంటేజ్ ప్లాన్ వెతకడం. అది దాటిపోతే జనవరి 1 నుంచి మార్చి 31 దాకా అడ్వాంటేజ్ వాళ్లకి ఒకసారి మార్చుకునే వీలుంది.

ఏజెంట్లలో మంచివాళ్లూ ఉన్నారు. కానీ ఆయన అమ్మేవి ఏ కంపెనీలవి, మీ కౌంటీలో ఉన్నవన్నీ చూపిస్తున్నాడా అని ముందే అడగండి. మనం పిలవకుండా మెడికేర్ ప్లాన్ల గురించి ఫోన్ చేసి అమ్మడం నిబంధనలకి విరుద్ధం. అలాంటి ఫోన్ వస్తే పెద్దవాళ్లని మెడికేర్ నంబరు చెప్పొద్దనండి.

---

పద్మ_ఫార్మసీ | నవంబరు 20

సుధ గారూ, ఇంకో మాట. మామగారి మందు ఖరీదు ఎందుకు పెరిగిందో చూశారా? సెప్టెంబరు నెలాఖరులోపు ప్లాన్ నుంచి వచ్చే ఏడాది మార్పుల నోటీసు వస్తుంది. అందులో మందు టియర్ (ధరల మెట్టు) 3 నుంచి 4కి మారిందా, లిస్టులోంచే తీసేశారా అన్నది ఉంటుంది. చాలామంది ఆ కవరు విప్పరు. పోయినేడాది బాగున్న ప్లాన్ ఈ ఏడాదీ బాగుంటుందన్న నమ్మకం లేదు.

ఇంకా, ఫార్మసీ మారినా ధర మారుతుంది. చాలా ప్లాన్లకి తక్కువ ధరకిచ్చే ‘ప్రిఫర్డ్’ ఫార్మసీలుంటాయి. అదే ప్లాన్, అదే మందు, రోడ్డుకి ఇవతలి షాపులో ఒక రేటు, అవతలి షాపులో ఇంకో రేటు. ప్లాన్ వెతికేటప్పుడు ఐదు ఫార్మసీల దాకా పెట్టి పోల్చుకోవచ్చు, మెయిల్ ఆర్డర్ కూడా చూడొచ్చు.

మీరు న్యూజెర్సీ కాబట్టి మందుల ఖర్చుకి రాష్ట్రం ఇచ్చే సాయం, పాడ్ గురించి కనుక్కోండి. 65 దాటిన, ఆదాయ పరిమితిలో ఉన్న రాష్ట్రవాసులకి జెనరిక్ 5 డాలర్లు, బ్రాండు 7 డాలర్లకి వస్తుంది. న్యూయార్క్‌లో ఎపిక్ అని ఉంది, ఒంటరివాళ్లకి 75,000, దంపతులకి 1,00,000 డాలర్ల ఆదాయం దాకా. పెన్సిల్వేనియాలో పేస్. ఇవి పార్ట్ డితో కలిసి పనిచేస్తాయి. మనవాళ్లలో అర్హులున్నా అడిగేవాళ్లు తక్కువ.

---

రవి_షార్లెట్ | నవంబరు 21

పద్మ గారు ఆదాయం మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ‘ఎక్స్‌ట్రా హెల్ప్’ అంటే ఏమిటి? మా ఆదాయం ఎక్కువ కాబట్టి మాకు రాదని ఒకాయన తేల్చేశారు.

---

లలిత_అట్లాంటా | నవంబరు 21

పిల్లల ఆదాయం లెక్కలోకి రాదండీ! ఎక్స్‌ట్రా హెల్ప్ అంటే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి పార్ట్ డి ఖర్చులో ప్రభుత్వం ఇచ్చే సాయం. దానికి చూసేది మెడికేర్ ఉన్న మనిషిది, కలిసి ఉంటున్న భార్యది లేదా భర్తది. మీ ఇంట్లో ఉండి మీ తిండి తింటున్నందుకు కూడా ఏమీ లెక్కగట్టరు. 2025లో ఏడాది ఆదాయ పరిమితి ఒక్కరికి 23,475, దంపతులకి 31,725 డాలర్లు. 2025లో ఆస్తుల పరిమితి ఒక్కరికి 17,600, ఇద్దరికీ 35,130. ఉంటున్న ఇల్లు, కారు లెక్కలోకి రావు. కానీ అమ్మానాన్నల పేరు మీదున్న బ్యాంకు డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఉంటున్న ఇల్లు కాక వేరే స్థిరాస్తి వస్తాయి. ఊళ్లో పొలం ఉన్నా, అద్దె వస్తున్నా ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచకూడదు.

మంజూరైతే ప్రీమియంలో సాయం, డిడక్టిబుల్ లేదు, 2026లో జెనరిక్‌కి 5.10, బ్రాండుకి 12.65 మించి కట్టక్కర్లేదు. పెనాల్టీ కూడా పడదు. అప్లికేషన్ సోషల్ సెక్యూరిటీకే, ఉచితం.

రవి గారూ, మీ నాన్నగారికి ఇది వస్తే పైన శాస్త్రి గారు వేసిన 1,407 లెక్కంతా మారిపోతుంది. రెండు బ్రాండు మందులకి నెలకి పాతిక డాలర్ల పైచిలుకే అవుతుంది. కాబట్టి ప్లాన్ కన్నా ముందు దీనికి అప్లై చేయండి. రాదని ఎవరో చెప్పారని ఆగకండి, రాదన్న మాట సోషల్ సెక్యూరిటీ నుంచి కాగితం మీద రానివ్వండి.

---

కృష్ణ_గుంటూరు_సియాటిల్ | నవంబరు 22

మా నాన్న ఏటా చలికాలం గుంటూరు వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తారు. అక్కడ కొన్న మందులకి పార్ట్ డి డబ్బులిస్తుందా? ఇక్కడి నుంచే ఎక్కువ తీసుకెళ్లొచ్చా?

---

పద్మ_ఫార్మసీ | నవంబరు 22

అమెరికా బయట కొన్న మందులకి పార్ట్ డి ఒక్క డాలరు కూడా ఇవ్వదు. ఆ ఖర్చు 2,100 లెక్కలోకీ రాదు. ఇక్కడి డిస్కౌంట్ కార్డు మీద ప్లాన్‌తో సంబంధం లేకుండా కొన్నది కూడా మామూలుగా ఆ లెక్కలోకి వెళ్లదు. కంపెనీల కూపన్లు మెడికేర్‌తో కలిపి వాడనివ్వరు.

తీసుకెళ్లడానికైతే మూడు నెలల సరఫరా రాయించుకోండి. అంతకు మించి కావాలంటే ప్రయాణానికి కొన్ని వారాల ముందే ప్లాన్‌కి ఫోన్ చేసి ‘వెకేషన్ సప్లై’ అడగాలి. చాలా ప్లాన్లు ఇస్తాయి, కానీ టికెట్ ముందురోజు అడిగితే కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అక్కడ అయిపోయాక చూద్దాంలే అనుకోకూడదు. ఒక్క రోజు కూడా మానకూడని మందులవి. చవక జెనరిక్‌లయితే గుంటూరులో జన ఔషధి కేంద్రంలో కొనుక్కున్నా ఇబ్బంది లేదు, అదే మందు అదే మోతాదు అని చూసుకుంటే చాలు.

నాన్నగారు అక్కడున్నా ఇక్కడి ప్రీమియం మాత్రం ఆపకండి.

---

రవి_షార్లెట్ | నవంబరు 26

డాక్టరు అపాయింట్‌మెంట్ అయింది. అమ్మకి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ విడిగా రాశారు, సిల్నిడిపిన్ బదులు ఆమ్లోడిపిన్. నెల తర్వాత బీపీ, షుగర్ మళ్లీ చూస్తారు.

రాత్రి కూర్చుని నాన్న మందులన్నీ ఎక్కించాను. మందులు, ప్రీమియం కలిపి ఏడాది మొత్తం ఖర్చు తక్కువ ఉన్నవి ముందు వచ్చేలా పెట్టాను. నెలకి అన్నిటికన్నా చవకగా కనిపించిన ప్లాన్ ఈ వరుసలో కిందికి పోయింది. మొదట వచ్చిన రెండు ప్లాన్ల మధ్య ఏడాదికి తేడా కొద్దిగానే ఉంది. కానీ ఒకదాంట్లో ఒక మందు పక్కన ‘ప్రయర్ ఆథరైజేషన్’ అని, అమ్మ ఇన్సులిన్ వెతికితే ఆ ప్లాన్‌లోనే లాంటస్ లిస్టులో లేదని వచ్చింది. ఇద్దరికీ ఒకటే ప్లాన్ ఉండాలా?

---

శాస్త్రి_ప్లానో | నవంబరు 26

అక్కర్లేదు. పార్ట్ డి మనిషికి విడివిడి పాలసీ. మొగుడూ పెళ్లాలకి ఒకటే ప్లాన్ అయితే రాయితీ ఏమీ ఉండదు. ఎవరి మందులకి ఏది సరిపోతే అది.

ప్రయర్ ఆథరైజేషన్ అంటే ఈ మందు ఎందుకు కావాలో డాక్టరు ముందుగా ప్లాన్‌కి రాసి ఒప్పించాలి. స్టెప్ థెరపీ అని ఉంటే ముందు చవక మందు వాడి చూడాలి. ఖర్చులో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు ఇలాంటి షరతులు లేని ప్లాన్‌కే నేను మొగ్గుతాను. 74 ఏళ్ల మనిషి ఎలిక్విస్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు.

అయినా ఎప్పుడైనా కాదన్నారనుకోండి, ‘ఎక్సెప్షన్’ అడగొచ్చు. డాక్టరు కారణం రాసి పంపాక 72 గంటల్లో, అత్యవసరమైతే 24 గంటల్లో జవాబివ్వాలి. కొత్త ప్లాన్‌లో చేరిన మొదటి 90 రోజుల్లో, అంతకుముందు వాడుతున్న మందు లిస్టులో లేకపోయినా ఒక నెల సరఫరా ఇచ్చి తీరాలి. ఫార్మసీలో ‘ట్రాన్సిషన్ ఫిల్’ అని అడగండి.

---

పద్మ_ఫార్మసీ | నవంబరు 26

ఇన్సులిన్ గురించి: లిస్టులో ఉన్న ఇన్సులిన్ ఏదైనా నెలకి 35 డాలర్లు మించకూడదు, డిడక్టిబుల్ కూడా పడదు. 2023 నుంచి ఉన్న నియమమిది. కానీ ‘లిస్టులో ఉన్న’ అన్న మాట ముఖ్యం. అమ్మగారికి లాంటస్ ఉన్న ప్లాన్ తీసుకోండి, లేదా అదే రకం వేరే బ్రాండు పర్వాలేదా అని డాక్టర్ని అడగండి.

సూదులు, సిరంజీలు పార్ట్ డిలో వస్తాయి. షుగర్ చూసుకునే స్ట్రిప్స్ మాత్రం పార్ట్ బిలో. చీటీ తప్పు చోటికి పంపితే ఫార్మసీలో తిరగ్గొడతారు, అప్పుడు కవరేజీ లేదేమోనని కంగారు పడకండి.

---

రవి_షార్లెట్ | నవంబరు 28

ఈ ఉదయం సోషల్ సెక్యూరిటీకి ఫోన్ చేశాం, ఇద్దరికీ అపాయింట్‌మెంట్ డిసెంబరులో దొరికింది. ఎక్స్‌ట్రా హెల్ప్ అప్లికేషన్ నింపుతున్నాను. నాన్న పేరు మీద తెనాలి దగ్గర ఎకరంన్నర ఉంది, అదీ రాస్తున్నాను. అది మంజూరైతే ఒక ప్లాన్, కాకపోతే ఇంకోటి, రెండు పేర్లూ రాసి పెట్టుకున్నాను.

చివరిగా ఒకటి. షింగిల్స్ టీకా ఇద్దరికీ వేయించమని డాక్టరు అన్నారు. ఇప్పుడున్న ఇన్సూరెన్స్‌లో దానికి డబ్బు పడుతుందట. ఆగమంటారా?

---

పద్మ_ఫార్మసీ | నవంబరు 28

పార్ట్ డి మొదలయ్యాక వేయించండి, ఏమీ కట్టక్కర్లేదు. షింగిల్స్, ధనుర్వాతం, ఆర్‌ఎస్‌వీ టీకాలు పార్ట్ డిలో పెద్దవాళ్లకి ఉచితం. ఫ్లూ, న్యుమోనియా, కోవిడ్ టీకాలు పార్ట్ బిలో ఉచితం. షింగిల్స్‌ది రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఫిబ్రవరిలో మొదటిది వేయించి, రెండో దానికి ఏప్రిల్ తర్వాత ఫార్మసీకి తీసుకెళ్లండి. ఫ్లూ టీకాకి మాత్రం ఆగొద్దు, ఈ వారమే వేయించేయండి.

---

సుధ_ఎడిసన్ | డిసెంబరు 2

శాస్త్రి గారూ, మామగారికి వేరే అడ్వాంటేజ్ ప్లాన్ దొరికింది. డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారని క్లినిక్‌కి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాను. మందు టియర్ 3లో ఉంది. నిన్న చేర్పించాం, కన్ఫర్మేషన్ నంబరు వచ్చింది. పాతదాన్ని మేం విడిగా క్యాన్సిల్ చేయాలా?

---

శాస్త్రి_ప్లానో | డిసెంబరు 2

వద్దమ్మా. కొత్తదాంట్లో చేరగానే పాతది జనవరి 1న దానంతటదే ఆగుతుంది. డిసెంబరు నెలాఖరు దాకా పాత కార్డే చూపించండి. కొత్త కార్డు జనవరికి రాకపోతే ప్లాన్ పంపిన కన్ఫర్మేషన్ ఉత్తరం, మెడికేర్ కార్డు చూపిస్తే ఫార్మసీ వాళ్లు కంప్యూటర్లో వెతికి ఇస్తారు.

కుదిరితే డిసెంబరు ఆఖరి వారంలో మందులు ఒకసారి తెచ్చిపెట్టుకోండి. జనవరి మొదటి వారం ఫార్మసీల్లో రద్దీగా ఉంటుంది.